కోలారు బంగారు గనులలో సయనైడ్: వాడకం, ప్రమాదాలు, రక్షణ పద్ధతులు

కర్ణాటక రాష్ట్రంలోని కోలారు జిల్లాలో, బంగారుపేటకు సమీపాన, మారికుప్పం, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్ మొదలైన స్థలాలలో విస్తరించిన బంగారు గనులలో రాతిపొడి నుంచి బంగారాన్ని వేరు చేయడానికి శతాబ్దానికి పైగా వాడుకలో ఉన్న ప్రధాన రసాయనం సయనైడ్. కర్బనం, నత్రజని పరమాణువులు ఒక్కొక్కటి చొప్పున గట్టిగా ముడిపడిన భాగాన్ని సయనైడ్ అంటారు. అది పొటాషియంతోనో సోడియంతోనో కలిసినప్పుడు ఉప్పును పోలిన, నీటిలో సులభంగా కరిగే తెల్లని లవణమవుతుంది. బంగారాన్ని కరిగించగల ద్రవాలు బహుకొద్ది కాగా, వాటిలో చవకగా దొరికి, పలుచని ద్రావణంగా కూడా పని చేయడం దీని విశేషం. అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం కావడం దీని దోషం.

ఈ ప్రాంతంలో ప్రాచీన కాలపు త్రవ్వకాల గుంతలు అనేకం ఉన్నా, ఆ కాలంలో మట్టిని కడిగి బంగారాన్ని ఏరే పద్ధతే సాగింది. 1802లో సర్వే పనిపై వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఇక్కడి గ్రామస్తులు మట్టిని నీటిలో కడిగి బంగారు రేణువులను తీయడం చూసి నమోదు చేశాడు. ఆ తరువాత డెబ్బై ఏళ్ల పాటు చెప్పుకోదగిన మార్పు రాలేదు. న్యూజిలాండ్ యుద్ధాలలో పని చేసి బెంగళూరులో స్థిరపడిన మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1873లో మైసూరు ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకుని, 1875లో త్రవ్వకాల హక్కు సంపాదించాడు. పెట్టుబడి చాలక ఆ హక్కు చేతులు మారింది. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగింది. మొదటి మూడేళ్లు నష్టాలే మిగలగా, మైసూరు గనిని నడిపిన కెప్టెన్ ప్లమ్మర్ పట్టుదలతో లోతుకు దిగి, పూర్వులు తవ్వి వదిలిన గుంతల అడుగున ఛాంపియన్ అనే సుసంపన్నమైన సిరను కనుగొన్నాడు. కోలారు గనుల భవిష్యత్తును నిలబెట్టినది ఈ ఘట్టమే.

తొలినాళ్ల మిల్లులలో పాదరసానిదే రాజ్యం. బరువైన ఇనుప రోకళ్ల వంటి స్టాంపులు పలుగురాతిని పిండి చేయగా, ఆ పిండిని నీటితో కలిపి, పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించేవారు. బంగారు రేణువులు పాదరసానికి అంటుకుని ముద్దగా ఏర్పడేవి. ఆ ముద్దను వేడి చేస్తే పాదరసం ఆవిరై బంగారం మిగిలేది. అయితే మరీ సన్నని రేణువులు, గంధక ఖనిజాలలో చిక్కుకున్న రేణువులు పలకలకు అందకుండా నీటితో పాటే జారిపోయేవి. ఆ విధంగా పారిపోయిన బురద మిల్లుల వెనుక గుట్టలుగా పేరుకుంది. దానిలో బంగారం ఉందని అందరికీ తెలిసినా, తీసే ఉపాయం కొరవడింది.

ఆ ఉపాయం గ్లాస్గో నగరం నుంచి వచ్చింది. సయనైడ్ ద్రావణంలో బంగారం కరుగుతుందని స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే 1783లోనే గమనించాడు. ఆ చర్యకు గాలిలోని ప్రాణవాయువు తప్పనిసరి అని 1846లో ఎల్స్‌నర్ అనే రసాయనవేత్త నిరూపించాడు. ఈ పరిజ్ఞానాన్ని గ్లాస్గోలో గనులకు పనికివచ్చే పద్ధతిగా మలచి 1887లో పేటెంటు పొందినవారు జాన్ స్టీవర్ట్ మెకార్థర్, వైద్యులైన రాబర్ట్, విలియం ఫారెస్ట్ సోదరులు. 1889లో న్యూజిలాండ్‌లోని కారంగహాకేలో, మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్‌లో ఈ పద్ధతి అమలులోకి వచ్చింది. 19వ శతాబ్దం ముగిసేలోపే కోలారు కంపెనీలు కూడా దీనిని చేపట్టి, మిల్లుల పక్కనే సయనైడ్ శాలలను నెలకొల్పి, అంతవరకు వ్యర్థమనుకున్న బురదను ఆదాయంగా మార్చుకున్నాయి.

సయనైడ్ శాలలో పని జరిగే తీరు సూత్రప్రాయంగా సరళమైనదే. రాతిపొడిని పెద్ద తొట్లలో నింపి, చాలా పలుచని సయనైడ్ ద్రావణాన్ని పోసి, గాలి తగిలేటట్లు చూస్తే బంగారం మెల్లగా ద్రావణంలోకి దిగుతుంది. వడకట్టిన ద్రావణానికి జింకు చెక్కులను, తరువాతి కాలంలో జింకు పొడిని, తగిలిస్తే బంగారం తిరిగి ఘనరూపంలో విడివడుతుంది. మొదట పొటాషియం సయనైడ్ వాడుకలో ఉండగా, సోడియం సయనైడ్ చవకగా తయారు కావడం మొదలైన తరువాత పొటాషియం లవణం స్థానాన్ని ఇది ఆక్రమించింది. బరువులో సయనైడ్ భాగం పొటాషియం లవణంలో సుమారు 40 శాతం ఉంటే, సోడియం లవణంలో 53 శాతం ఉండడం ఈ మార్పుకు మరొక కారణం.

ఈ శాలలన్నింటిలోనూ ప్రాణరక్షణకు ఆధారమైన పదార్థం సున్నం. సయనైడ్ ద్రావణంలో క్షారత తగ్గి ఆమ్లగుణం పెరిగితే హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు పైకి లేస్తుంది. సున్నం కలిపి ద్రావణపు పి.హెచ్. విలువను 10.5కు అటూ ఇటూ నిలిపితే సయనైడ్ ద్రవంలోనే ఉండిపోతుంది. అందువల్ల ద్రావణంలో సున్నం తరిగిపోవడం బంగారపు నష్టం కన్న ముందు మనుషులకు ముప్పు. గంధక ఖనిజాలు గాలి తగిలి ఆమ్లాన్ని పుట్టిస్తాయి కనుక పాత బురదను శుద్ధి చేసేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరమవుతుంది.

శ్వాస ద్వారా గాని, నోటి ద్వారా గాని, తడి చర్మం ద్వారా గాని లోపలికి చేరిన సయనైడ్, కణాలు ప్రాణవాయువును వినియోగించుకునే ఎంజైమును స్తంభింపజేస్తుంది. ఊపిరి ఆడుతున్నా, నెత్తురులో ప్రాణవాయువు నిండుగా ఉన్నా, కణాలు దానిని వాడుకోలేకపోతాయి. తలనొప్పి, తల తిరగడం, వాంతి, శ్వాస వేగం పెరగడం తొలి లక్షణాలు కాగా, మోతాదు ఎక్కువైతే మూర్ఛ, స్పృహ కోల్పోవడం కొద్ది నిమిషాలలోనే సంభవిస్తాయి. ఆ వాయువుకు చేదు బాదం వాసన ఉంటుందని ప్రసిద్ధి. కాని పుట్టుకతోనే ఆ వాసనను పసిగట్టలేనివారు కొందరు ఉంటారు గనుక, ముక్కును నమ్ముకోకుండా వాయుమాపకాలపై ఆధారపడటమే సరైన పద్ధతి.

నిల్వకు సంబంధించిన నియమాలన్నీ ఈ గుణాల నుంచి పుట్టినవే. సోడియం సయనైడ్ గాలిలోని తేమను పీల్చుకుని, బొగ్గుపులుసు వాయువుతో కలిసి మెల్లగా విషవాయువును విడుస్తుంది. కాబట్టి గట్టిగా మూసిన పీపాలలో, పొడిగా గాలి ఆడే గదిలో, తాళం వేసి, ఆమ్లాలకు దూరంగా ఉంచాలి. సమీపంలో మంటలు రేగితే బొగ్గుపులుసు వాయువు చిమ్మే సాధనాన్ని వాడరాదు. ద్రావణం కలిపే పనిలో ఒంటరిగా ఎవరినీ ఉంచరాదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు, శ్వాస ముసుగు తప్పనిసరి. ఆ ఆవరణలో తినడం, తాగడం, పొగ పీల్చడం నిషిద్ధం. బాధితుణ్ణి స్వచ్ఛమైన గాలిలోకి తరలించి, తడిసిన బట్టలు తొలగించి, ప్రాణవాయువు ఇవ్వాలి; నోటితో నోటిలోకి ఊదే శ్వాస సహాయం చేస్తే కాపాడబోయినవాడే విషానికి లోను కావచ్చు. అమైల్ నైట్రైట్‌ను పీల్పించడం, వైద్యుల చేతుల మీదుగా సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఎక్కించడం చిరకాలంగా ఉన్న విరుగుడు. ఇటీవలి కాలంలో హైడ్రాక్సోకోబాలమిన్ మరింత సురక్షితమైనదిగా పేరు తెచ్చుకుంది.

సయనైడ్‌తో పాటు రాతి పేలుళ్లు, రాతి ధూళి కూడా ఈ గనుల కార్మికులకు నిత్యమైన ముప్పులుగా ఉండేవి. ఇసుక జాతి ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని వచ్చే సిలికోసిస్ వ్యాధిని భారతదేశంలో తొలుత గుర్తించినది ఈ గనులలోనే. 1947లో ప్రకటితమైన ఒక పరిశీలనలో 7,653 మంది కార్మికులలో 43.7 శాతం మందికి ఆ వ్యాధి ఉన్నట్లు తేలింది.

1956లో గనులు మైసూరు రాష్ట్ర ప్రభుత్వపరమయ్యాయి. 1962లో కేంద్ర ప్రభుత్వానికి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్‌కు చేరి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అంతవరకు వెలికితీసిన ముడి రాయి సుమారు 5.1 కోట్ల టన్నులు, బంగారం 800 టన్నులు. మిల్లుల నుంచి వచ్చిన వ్యర్థపు పొడిలో సుమారు 3.3 కోట్ల టన్నులు 13 దిబ్బలుగా నిలిచి ఉన్నాయి. సయనైడ్ దిబ్బలని పిలిచే ఈ కృత్రిమ కొండలు కన్నడ చలనచిత్రం కె.జి.ఎఫ్.లో కనిపించి దేశమంతటా సుపరిచితమయ్యాయి. దాని రెండవ భాగం చిత్రీకరణను పర్యావరణ హాని ఆరోపణపై 2019 ఆగస్టులో స్థానిక న్యాయస్థానం నిలిపివేసింది.

ఈ దిబ్బలలోని సయనైడ్‌ను గూర్చి జనంలో ఉన్న భయం కొంత దారి తప్పినది. స్వేచ్ఛగా ఉన్న సయనైడ్ ఎండకు, గాలికి, సూక్ష్మజీవులకు గురై త్వరగా విచ్ఛిన్నమవుతుంది. దశాబ్దాల నాటి పొడిలో మిగిలేది ఎక్కువగా ఇనుముతో పెనవేసుకున్న స్థిరమైన రూపమే. అంతకన్న పెద్ద హాని గాలికి లేచే సన్నని ఇసుక ధూళిది, గంధక ఖనిజాల నుంచి వానలకు జారే ఆమ్లపు నీటిది, దానితో కలిసి పొలాలకు, చెరువులకు చేరే లోహాలది. దిబ్బలపై మొక్కలు నాటి ధూళిని అణచే ప్రయత్నాలు సాగినా, పోషకాలు లేని ఆ పొడిలో పచ్చదనం నిలవడం కష్టం.

2000 జనవరి 30న రుమేనియాలోని బయా మారే వద్ద వ్యర్థాల కట్ట తెగి సయనైడ్ నీరు నదులలోకి చేరి అపారంగా చేపలు చనిపోయిన దుర్ఘటన తరువాత, బంగారు గనుల కోసం అంతర్జాతీయ సయనైడ్ నిర్వహణ నియమావళి రూపొందింది. రవాణా, నిల్వ, వాడకం, విషహరణం, గని మూసివేత అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. భారతదేశంలో తాగునీటి ప్రమాణం సయనైడ్ లీటరుకు 0.05 మిల్లీగ్రాములను మించరాదని విధిస్తుంది. విష వ్యర్థాన్ని శుద్ధి చేయడానికి గంధక డయాక్సైడ్‌తో గాలిని కలిపి పంపే పద్ధతి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడే పద్ధతి నేడు ప్రచారంలో ఉన్నాయి. టేలర్ కంపెనీ కాలంలో ఇవి రెండూ లేవు.

దిబ్బలలో టన్నుకు ఒక గ్రాముకు లోపే అయినా బంగారం మిగిలి ఉంది. 1,003.4 ఎకరాలలో ఉన్న 13 దిబ్బలను తిరిగి శుద్ధి చేయాలన్న కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇటువంటి అల్పశాతపు పొడి నుంచి బంగారాన్ని లాభసాటిగా రాబట్టడానికి నేటికీ ఎక్కువగా వాడే రసాయనం సయనైడే కనుక, అదే దారి పట్టిన పక్షంలో అది మళ్లీ కోలారుకు చేరుతుంది. ఈసారి లోపలి పూత వేసిన చెరువులు, మిగులు ద్రావణాన్ని నిర్విషం చేసే ఏర్పాటు, ధూళిని తడిపే జల్లులు ఉండాలి.