తాటాకు గిలక్కాయ

మా చిల్లకూరు వైపు ఇసుక నేలలెక్కువ, తాటిచెట్లకు కొదవ లేదు. మా చిన్నప్పటి బొమ్మల్లో సగం ఆ చెట్టు ఇచ్చినవే. అవ్వ లేత తాటాకును సన్నగా చీల్చి, అడ్డం నిలువు అల్లి, మూత పడేముందు నాలుగు చింతగింజలు వేసి గిలక్కాయ చేసేది. నాలుగేళ్ల పిల్లకు కూడా రెండు చీలికలిచ్చి, "ఒకటి పైన, ఒకటి కింద, చూసి అల్లు పాపా" అనేది. వేళ్లకు పట్టు, కంటికి కొలత, మనసుకు నిలకడ అక్కడే కుదిరేవి. తాటికాయల బండి వంకరగా పోతే పుల్ల ఎక్కడ గుచ్చాలో పిల్లలే కనిపెట్టేవాళ్లు.

1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి మద్రాసు అడయారుకు వచ్చి, పసిబుద్ధి చేతిపనితో వికసిస్తుందని ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. మా పక్కనున్న గూడూరులో రైలెక్కితే మద్రాసు ఎంతో దూరం కాదు. అవ్వ మాంటిసోరి పేరు వినలేదు, కానీ ఆ పని ఆమెకు బాగా తెలుసు.

ఆ తర్వాత 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. ఆటపాటలతో పూర్వప్రాథమిక విద్య అంగన్‌వాడీల బాధ్యతైంది. టీచరమ్మలారా, మీ ఊళ్లో తాటాకు అల్లే పెద్దావిడ ఉంటే వారానికో పూట పిల్లల మధ్య కూర్చోబెట్టండి.