దిడ్డి వాకిలి కావలి



హైదరాబాదు నగరమున మూసీనదిపై వెలసిన వంతెనలలో మొట్టమొదటిది పురానాపూలు. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనమున 1578వ సంవత్సరమున దీనిని కట్టించిరి. అప్పటికి చార్మినారు లేదు. అది 1591 నాటిది. గోలకొండనుండి కార్వాను మీదుగా ఏటి దక్షిణపుటొడ్డునకు పోవువారికి ఇదియే త్రోవ. పదునెనిమిదవ శతాబ్దమున మొగలు సుబేదారగు ముబారిజ్ ఖాను ఆరంభింపగా, మొదటి నిజాము ముగించిన నగరప్రాకారము ఈ వంతెన కొనకు వచ్చి నిలిచినది. ప్రాకారము చాలవఱకు రూపుమాసినను పురానాపూలు దర్వాజా నేటికిని చెక్కుచెదరక యున్నది. ఆ ప్రాకారమునకు ఏనుగులు పోదగిన దర్వాజాలే కాక, ఖిడికీలను చిన్నద్వారములును ఉండెడివి. మన గ్రామములలో వానిని దిడ్లందుము.

నేను దిడ్లను గూర్చియే ముచ్చటింపదలచితిని. ఏలయన నా యుద్యోగము వానిని కనిపెట్టి యుండుట. ప్రభుత్వపు కొలువులో నన్ను సైబరు ముప్పుల విశ్లేషకుడందురు. పేరు పెద్దది, పని పాతది. నేడు మీ భూముల లెక్కలు, పింఛను పట్టీలు, చౌకబియ్యపు కార్డులు, ఆసుపత్రి చీటీలు, విద్యుత్తు పంపిణీ యావత్తును కంప్యూటర్లలో నున్నవి. అవి యొండొంటితో తీగలచే కలుపబడియున్నవి. దొంగ వంతెన దాటి రానక్కఱలేదు. సముద్రముల కావలనుండియే తలుపు తట్టగలడు.

మా పనియెల్ల చదువుట. ప్రతి కంప్యూటరును తనయొద్దకు ఎవరు ఏ గడియను వచ్చిరో, ఏమి అడిగిరో, ఏమి కొనిపోయిరో తానే వ్రాసికొనుచుండును. ఆ వ్రాతను ‘లాగు’ అందురు. మనము తొడుగుకొను లాగు కాదు సుమా, ఓడ నడుపువారు వ్రాయు దినచర్యకు ఆ పేరు, అక్కడినుండి వచ్చినది. సాయంకాలము తాళము వేసిన మండల కచేరీలోని యంత్రము నడిరేయి మేల్కాంచి, ఎన్నడు నెఱుగని పరదేశపు చిరునామాకు మూటలు మూటలుగా సమాచారమును పంపుచున్నదనుకొనుడు. అది దొంగపనియా? లేక యంత్రమును చేసినవారే మరమ్మతు చేయుచున్నారా? పెక్కుమారులు నిరపాయమే. ఆ పెక్కింటిలోనుండి కానిదానిని ఏరి, తెల్లవారకముందే పైవారికి తెలుపవలెను. జీతమందుకే.

ఈ పనియొక్క విలువ గోలకొండను చూచినచో తెలియును. 1687వ సంవత్సరమున ఔరంగజేబు ఆ కోటను ఎనిమిది మాసములు ముట్టడించెను. ఫిరంగులు మ్రోగించిరి, గోడలక్రింద సొరంగములు త్రవ్వి మందు పెట్టిరి. వానలు కురిసినవి, పాళెమున కఱవు పుట్టినది. గోడ మాత్రము లొంగలేదు. తుదకు సెప్టెంబరు 21వ తేదీన కోటలోని అబ్దుల్లాఖాను పన్నీ యను సేనాని లంచమునకు లోబడి దిడ్డితలుపు తెఱచి యుంచెను. మొగలులు ఆ త్రోవను లోని కేగిరి. అబ్దుల్ రజాఖ్ లారీ యను వీరుడు మేనెల్ల గాయములతో పోరాడెను. చరిత్రకారులు లారీని కొనియాడుదురు, అది న్యాయమే. నా వృత్తి కన్ను మాత్రము వేఱొకచోట నిలుచును. ఆ ముట్టడికాలముననే పలువురు సర్దారులు ఒకరొకరుగా శత్రుపక్షమునకు జారిరి. ఒకడు జారిన తరువాత మిగిలినవారి వాకిళ్లను ఎవరు చూచుచుండిరి? ద్వారపాలకునకు ద్వారపాలకు డెవ్వడు? మా కచేరీలలో నేటికిని అన్నిటికంటె కఠినమైన ప్రశ్న యిదియే. తాళపుచెవి న్యాయముగా కలవాడే దొంగయైనపుడు లాగు పుస్తకమున అతని రాక యొక మామూలు రాకవలెనే కనబడును.

శత్రువన్నవాడు లేకయే నగరము కూలిన దినమొకటి కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి, సుమారు పదునైదువేలమందిని పొట్టబెట్టుకొన్నది. అఫ్జల్, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు మూడును తెగిపోగా, రెండొడ్డులకును పురానాపూలొక్కటియే లంకెగా మిగిలినది. మఱుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. వారు మొదట వర్షమానముల లెక్కలను, ఏటి పరీవాహమునందలి చెఱువుల లెక్కలను ముందిడుకొనిరి. 788 చెఱువులలో 221 తెగినవని తేల్చిరి. వ్యవసాయదారులైన మీకు విప్పి చెప్పనక్కఱలేదు: మీది చెఱువు కట్ట తెగినచో, ఆ నీరు క్రింది చెఱువుమీద పడును, అదియు తెగును. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను వెలసినది ఈ పరిశీలన ఫలమే. ప్రమాదానంతరమున లెక్కల నెట్లు చదువవలెనో నేర్చుకొనుటకు నా కింతకంటె మంచి పాఠము కనబడలేదు.

కంప్యూటర్లును చెఱువులవలెనే తెగును. 2017 మే 12వ తేదీన వాన్నాక్రై యను చెఱుపు ప్రోగ్రాము లోకమునకు వదలబడి, ఒక యంత్రమునుండి వేఱొకదానికి తనంత ప్రాకి, 150కి పైగా దేశములను ముట్టినది. ఫైళ్లకు బీగము వేసి, తీయుటకు సొమ్మడుగుట దాని పని. ఇంగ్లండున ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపినవి; ఆంధ్రప్రదేశమున పోలీసు కచేరీల యంత్రములు కొన్ని నిలిచిపోయినవి. ఆ గండికి మరమ్మతును మైక్రోసాఫ్టువారు మార్చి మాసముననే వెలువరించిరి. రెండుమాసములు వ్యవధి యుండెను. మరమ్మతు చేయని కట్టలే తెగినవి.

తెగని కట్టను గూర్చి యెవ్వరును చెప్పుకొనరు. 2021 మార్చిలో తెలంగాణ విద్యుత్సంస్థలకు, పరదేశపు చొరబాటుదారులు మీ యంత్రములను తాకుచున్నారని, 2004లో వెలసిన కేంద్రసంస్థయగు సెర్ట్-ఇన్ హెచ్చరిక పంపినది. అక్కడివారు అనుమానపు చిరునామాలను అడ్డగించిరి, రహస్యపదములను మార్చిరి. దీపములు ఆరలేదు. అంతే కథ. నా మేనమామ, ‘ఈ సంవత్సరము ఏమి పట్టితివిరా?’ యని యడుగును. కావలివాని కీ ప్రశ్న కష్టమే.

ఇక మీ యూరి దిడ్లను గూర్చి రెండు మాటలు. పంచాయతీ యంత్రపు రహస్యపదమును గోడమీద వ్రాసి అంటించుట కలదు. కరణముగారి ముద్రను ఎవ్వరైన గోడకు వ్రేలాడదీసిరా? ఇంకొకటి: పోలీసు దుస్తులతో ఫోనున కనబడి, ‘మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, సొమ్ము పంపుడు’ అని బెదరించు మోసగాండ్రు వృద్ధులనే వెదకుచున్నారు. అట్టి అరెస్టు మన చట్టమున లేదు. ఒకవేళ సొమ్ము పోయినచో 1930 అను సంఖ్యకు తత్‌క్షణమే ఫోను చేయుడు. ఆ సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, చెఱువునుండి చెఱువునకు నీరువలె, పోవుచుండును. అది యేదో యొక ఖాతాలో నిలిచియుండగనే బ్యాంకువారు దానిని ఆపగలరు. ఫోను చేయునపుడు బ్యాంకు పుస్తకమును, సొమ్ము పోయినదని వచ్చిన సందేశమును దగ్గఱ నుంచుకొని మాటలాడుడు.