హామ్‌స్టర్‌కి ఇల్లు ఎంత లోతుండాలి?

పిల్లలు కుక్కపిల్ల కావాలని పేచీ పెడితే, అపార్టుమెంటులో కుదరదని చెప్పి మనవాళ్ళు చాలామంది రాజీపడేది హామ్‌స్టర్ దగ్గర. జంతువుతో పాటు షాపువాడు అంటగట్టేది అడుగున్నర తీగల పంజరం, ఓ ప్లాస్టిక్ చక్రం, గుప్పెడు రంపప్పొట్టు. అది రాత్రంతా తీగలు కొరుకుతుంటే "భలే హుషారుగా ఉందే" అనుకుంటాం. అది హుషారు కాదండీ. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి, అదీ మన విశాఖపట్నం మీదుగా.

రక్తపింజరి అంటే గుంటూరు, ప్రకాశం పొలాల్లో పనిచేసేవాళ్ళకి హడల్. దాని ఇంగ్లీషు పేరులో ఉన్న రస్సెల్ ఎవరో కాదు, పేట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు. 1780ల్లో విశాఖలో ఉండి, కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పెద్ద పుస్తకం వేశాడు. అంతకుముందు ఆయన సిరియాలోని అలెప్పోలో వైద్యుడు. అన్న అలెగ్జాండర్ రాసిన అలెప్పో ప్రకృతి చరిత్రని పెంచి 1794లో మళ్ళీ అచ్చు వేయించాడు. ఒక హామ్‌స్టర్‌ని కోసి చూసిన సంగతి అందులో ఉంది. రెండు బుగ్గసంచుల్లోనూ లేత బీన్స్ కాయలు పొందిగ్గా పేర్చి ఉన్నాయట. తీసి బల్లమీద పోస్తే ఆ కుప్ప దాని ఒంటికి మూడింతలు! అంత సరుకు మోసేదానికి ఎక్కడో ఓ గోదాము ఉండే తీరాలి కదా.

ఆ గోదాము 1930లో దొరికింది. కాలా అజార్ మీద పరిశోధనకి జంతువులు కావాలని సాల్ అడ్లర్ అడిగితే, జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీకి చెందిన అహరోనీ అలెప్పో దగ్గర ఓ గోధుమచేను తవ్వించాడు. చాలా లోతున ఒక తల్లి, 11 పిల్లలు బయటపడ్డాయి. తర్వాత జరిగిందే అసలు కథ. యూనివర్సిటీలో వాటిని చెక్క అడుగున్న బోనులో పెడితే, కొరుక్కుని అయిదు పారిపోయాయి. మిగిలినవాటికి బెన్ మెనాహెం అనే ఆయన పెద్ద వలబోను తయారుచేసి, దాన్నిండా ఎండుగడ్డి గట్టిగా కుక్కాడు. అవి అందులో సొరంగాలు తవ్వుకున్నాయి, జతకట్టాయి. ఏడాదిలో దాదాపు 150 అయ్యాయి. 1931లో అడ్లర్ కొన్నిటిని కోటు జేబుల్లో ఇంగ్లండు తీసుకెళ్ళాడు. ఇవాళ షాపుల్లో అమ్మే బంగారు రంగు హామ్‌స్టర్లన్నీ ఇంచుమించు ఆ ఒక్క కలుగు సంతానమే.

గడ్డిలో పిల్లలు పెట్టిన జంతువుకి ఉత్త తీగల పంజరం ఎలా వచ్చింది? నన్నడిగితే, ల్యాబుల్లో శుభ్రం చేయడానికి వీలుగా ఉన్న బోను పద్ధతే ఇళ్ళల్లోకీ వచ్చేసింది. లోతు సంగతి అందరూ మర్చిపోయారు.

మన ప్రాంతంలో మాత్రం మర్చిపోనివాళ్ళున్నారు, యానాదులు. పొలంలో పందికొక్కు కలుగు చూసి, తాజా మట్టి ఎక్కడ పడిందో, ధాన్యం ఏ మూల దాచిందో చెప్పగలరు. మిగతా కన్నాలు మూసి, కుండలో గడ్డి రాజేసి పొగ ఊది పట్టేస్తారు. పట్టడానికి నేర్చిన విద్యే అయినా, పెంచేవాడికి తెలియాల్సిందీ అదే: అది బతికేది నేలమీద కాదు, నేలలోపల.

అలెప్పోలో కొలిచినవాళ్ళు 2001లో ప్రచురించిన లెక్క ప్రకారం కలుగు లోతు సగటున 65 సెంటీమీటర్లు. 2006లో స్విట్జర్లాండు వాళ్ళు 10, 40, 80 సెంటీమీటర్ల పొట్టు పోసి చూస్తే, 80 ఉన్నచోట తీగలు కొరకడం బాగా తగ్గింది.

కాబట్టి పంజరం బదులు పాత ఆక్వేరియం గాజుతొట్టి వెతకండి, పెద్దది. మూతకి ఇనపజల్లెడ. లోపల కనీసం అడుగు మందాన కాగితప్పొట్టు, మధ్యమధ్య ఎండుగడ్డి కలిపి అదిమితే సొరంగం కూలదు. పత్తి మన చేలో పండేదే కదా అని దూది మాత్రం వేయొద్దు. పోగులు కాళ్ళకి చుట్టుకుంటాయి, మింగితే పేగులకి అడ్డం పడతాయి. ఇక మే నెల... గుంటూరులో మిరపకాయలకైనా కోల్డ్ స్టోరేజీ ఉంది, దీనికి లేదు. తొట్టిని కిటికీ ఎండకి దూరంగా, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో పెట్టి, ఓ చిన్న మట్టికుండని పొట్టులో సగం పాతండి. మరీ వేడిగా ఉంటే ఏసీ తప్పదు. ఆ ఖర్చు భరించలేమనుకుంటే కొనకపోవడమే మేలు.

జంటగా తీసుకుంటే డిస్కౌంటిస్తానని షాపువాడంటే వద్దనండి. అలెప్పోలోనూ ఒక కలుగుకి పెద్దది ఒక్కటే ఉండేది.