బళ్లారి సీమ నాటక రచయితలు: రచన, జీవిక, సమాజం

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• బళ్లారి సీమలో తెలుగు నాటక రచన ఎలా ఎదిగిందో వివరించగలుగుతారు.
• రచయితకు జీవనోపాధి, సమాజం, ప్రేక్షకులు ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
• మీ ప్రాంతంలోని రచనా వస్తువులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

హొళగుంద, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి ఈ కోర్సు చదివే మీలో కొందరికి కథో, నాటకమో రాయాలనే కోరిక ఉండవచ్చు. ఆ వెంటనే రెండు సందేహాలు కలుగుతాయి. రాస్తే ఇల్లు గడుస్తుందా? మన సరిహద్దు ఊళ్ల నుంచి ఎవరైనా రచయితలుగా నిలబడ్డారా? ఈ రెండింటికీ చరిత్రలో సమాధానం ఉంది.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. అంతవరకు అవి బళ్లారి జిల్లాలోనివి. బళ్లారి పట్టణం మాత్రం మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. జిల్లా కేంద్రం పరాయి రాష్ట్రపు ఊరు కావడంతో, అక్కడ వెలసిన తెలుగు నాటకం మన స్థానిక చరిత్రలో భాగమన్న సంగతి మరచిపోతుంటాం.

2. వృత్తి ప్లీడరీ, ప్రవృత్తి నాటకం

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ప్రయత్నంతో మొదలైంది. ఆ దశాబ్దంలోనే బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నాటక రచనకు పూనుకున్నారు. ఆయన వృత్తిరీత్యా ప్లీడరు. ఆయన సమకాలికుడు కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) కూడా బళ్లారిలో న్యాయవాదే. ఇద్దరికీ కుటుంబ పోషణ కోర్టు పని వల్ల జరిగింది. అందుచేత టికెట్ల రాబడి కోసం ప్రేక్షకుడి ప్రతి ఇష్టానికీ తలవంచవలసిన అవసరం వారికి లేకపోయింది.

ఇదొక్కటే మార్గమని అనుకోకండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి కుటుంబాలు నాటకాన్నే జీవికగా చేసుకున్నాయి. ఒకచోట వృత్తి కళను పోషించింది, మరొకచోట కళే వృత్తి అయింది.

3. రచయిత నిర్మించిన సమాజం

రామకృష్ణమాచార్యులు రాసి ఊరకుండలేదు. సరస వినోదిని సభ అనే నాటక సమాజాన్ని స్థాపించి, తన నాటకాలను తానే ఆడించారు, వేషాలు కట్టారు. ‘చిత్రనళీయం’ 1887లో ప్రదర్శితమైంది. సుమారు 30 నాటకాలు రాసిన రచయితకు ఆ సభ పెద్ద శిక్షణాలయం అయింది. కాగితం మీద బాగున్న సంభాషణ నటుడి నోట పలుకుతుందో లేదో, ప్రేక్షకులు ఎక్కడ కదలకుండా కూర్చుంటారో, ఎక్కడ విసుగు చెందుతారో ప్రదర్శనలోనే తెలుస్తుంది. కోలాచలం వారు సుమనోరమ సభను నడిపారు.

1891లో సరస వినోదిని సభ మద్రాసు వెళ్లి నాటకాలు ఆడింది. ఆ ప్రదర్శనలు చూసి ఉత్తేజం పొందిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే సంవత్సరం సుగుణ విలాస సభను స్థాపించి, ఆధునిక తమిళ నాటకానికి బాట వేశారు. బళ్లారి వంటి ఊరి నుంచి వెళ్లిన నాటకం రాజధానికి దారి చూపిందన్నమాట.

4. రచనా శిల్పం

నలుడి కథ, సారంగధరుడి కథ ప్రేక్షకులకు ముందే తెలుసు. కాబట్టి తరవాత ఏమవుతుందన్న కుతూహలం మీద నాటకం నిలబడదు, పాత్రల మనసును రంగరంగానా విప్పి చూపాలి. ‘విషాద సారంగధర’లో రామకృష్ణమాచార్యులు మరో అడుగు వేశారు. శుభాంతమే నియమమైన సంస్కృత నాటక సంప్రదాయాన్ని కాదని, కథను దుఃఖాంతం చేశారు. తెలిసిన కథకు కొత్త ముగింపు ఇవ్వడం శిల్పంలోని సాహసం.

కోలాచలం వారు చరిత్ర వైపు తిరిగారు. 1565 నాటి తళ్లికోట యుద్ధం, విజయనగర పతనం ‘రామరాజు చరిత్రము’కు వస్తువు. హంపి శిథిలాలు బళ్లారి ప్రజల కళ్లెదుటివే. అందులో పఠాన్ రుస్తుం పాత్ర ధరించి బళ్లారి రాఘవ (1880–1946) గొప్ప పేరు పొందారు. రాఘవ కూడా న్యాయవాదే, రామకృష్ణమాచార్యుల మేనల్లుడు. కోలాచలం వారు అధ్యయనాన్ని కూడా రచనలో భాగంగా భావించారు. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో రాసి 1908లో ప్రచురించారు.

5. పరిమితులు

ఈ చరిత్రను పొగడ్తగా మాత్రమే చదవకూడదు. చదువు, తీరిక, పలుకుబడి ఉన్న అగ్రవర్ణ ఉద్యోగ, న్యాయవాద వర్గమే ఈ సభలకు ఆధారం. స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని తరవాతి కాలంలో రాఘవ పట్టుబట్టారు. పొలంలో, మగ్గం మీద పనిచేసేవారి బతుకు, వారి మాట ఈ రంగస్థలం మీదికి దాదాపుగా రాలేదు.

ఆ ఖాళీ మీ కోసం మిగిలి ఉంది. ఆదోని కోట, దేవరగట్టు దసరా బన్ని, ఎమ్మిగనూరు మగ్గాలు, గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే కుటుంబాలు, కన్నడం కలిసిన మన తెలుగు, ఇవన్నీ రచనా వస్తువులే. బతుకుతెరువుకు ఒక పని చూసుకోండి. మీరు రాసింది విని నిజం చెప్పే నలుగురిని కూడగట్టుకోండి. అచ్చుకు పంపేముందు వారికి బిగ్గరగా చదివి వినిపించండి. బళ్లారి రచయితల అనుభవం నుంచి మనం నేర్చుకోదగిన పద్ధతి ఇదే.

6. సారాంశం

బళ్లారి సీమ రచయితలు జీవికకు వృత్తిని, రచనకు సమాజాన్ని ఏర్పరచుకున్నారు. ప్రదర్శన ద్వారా శిల్పాన్ని సానబట్టారు. పెద్ద నగరానికి దూరంగా ఉండటం వారికి ఆటంకం కాలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సరస వినోదిని సభ నాటక రచయితకు ఏ విధంగా తోడ్పడింది?
2. ‘విషాద సారంగధర’ సంస్కృత నాటక సంప్రదాయంతో ఎక్కడ విభేదించింది?
3. మీ ఊరిలో పెద్దవారిని అడిగి, పూర్వం ఆడిన ఒక నాటకం గురించి ఒక పుట రాయండి. ఎవరు రాశారు, ఎవరు వేషం కట్టారు, ఖర్చు ఎవరు భరించారు అన్న అంశాలు అందులో ఉండాలి.