విద్యాప్రాంగణ ఇంక్యుబేటర్లును, దేశాంతర అంకుర కార్యక్రమములును: విద్యార్థి స్థాపకుల ఎంపికను గూర్చిన ఒక పరిశీలన

న్యూయార్కు రాష్ట్రమునందలి బటావియా అను చిన్న పట్టణమున, మూతపడిన వ్యవసాయ యంత్రముల కర్మాగారపు విశాల భవనమును 1959లో భాగములుగ విభజించి చిన్న వర్తకులకు అద్దెకిచ్చిన జోసెఫ్ మంకూసో, తన అద్దెదారులలో కోడిపిల్లలను పొదిగించు సంస్థ యొకటి యుండుటను బట్టి ఆ భవనమునకు వేడుకగా ఇంక్యుబేటరను పేరు పెట్టగా, ఆ పేరే కాలక్రమమున లోకమంతటను పాదుకొన్నది. మన పత్రికాభాష మాత్రము ఈ విషయమున వేరొక దారి త్రొక్కి, నూతన వ్యాపారసంస్థను గ్రుడ్డుతో గాక మొలకతో పోల్చి, దానిని అంకుర సంస్థ యని పిలుచుకొన్నది. ఈ రెండు ఉపమానములకును గల భేదము కేవలము మాటల భేదము కాదని నా తలంపు. గ్రుడ్డునకు కావలసినది వెచ్చదనము, మరుగు, నియతమైన దినసంఖ్య. మొలకకో, నేల ఎంత మంచిదైనను ఎండయు గాలియు తగులవలెను. కళాశాలలో పుట్టిన తన యూహను సంస్థగా పెంచదలచిన విద్యార్థి, తన ప్రాంగణమునందే సకల వసతులతో వెలసియున్న ఇంక్యుబేటరును కాదని, సముద్రముల కావలనున్న కార్యక్రమమునకు దరఖాస్తు ఏల పంపుచున్నాడను ప్రశ్నను విచారించునపుడు ఈ భేదమును మనస్సునం దుంచుకొనుట మేలు.

మన ప్రాంగణములు ఈ విషయమున నిద్రించుచున్నవని ఎవరును అనజాలరు. బొంబాయి ఐఐటీలో 'సైన్' అను కేంద్రము 2004లోను, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో నవకల్పనా వ్యవస్థాపనల కేంద్రము 2008లోను, మద్రాసు ఐఐటీలో ఇంక్యుబేషన్ సెల్ 2013లోను ఏర్పడినవి. 2015 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన టీ-హబ్ అను ఇంక్యుబేటరు తన తొలి యేండ్లను గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రాంగణమునందే గడిపి, 2022 జూనులో రాయదుర్గమునందలి స్వంత భవనమునకు తరలినది. 2021లో 945 కోట్ల రూపాయలతో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకము, ఇంక్యుబేటర్ల చేతులమీదుగా, ఒక్కొక్క సంస్థకు భావనను నిరూపించుకొనుటకై 20 లక్షల వరకు గ్రాంటును, విపణిలో ప్రవేశించుటకై 50 లక్షల వరకు ఋణముగ గాని వాటాగా మారదగిన పత్రముల రూపమున గాని ఇచ్చునట్లు ఏర్పాటైనది. ఇంత యుండియు చురుకైనవారిలో కొందరు బయటి దిక్కునకే చూచుచున్నారనినచో, లోపించినది భవనమో యంత్రమో కాదని యూహింపవలసియున్నది.

ఆవలి దృశ్యమును గమనింతము. 2005 మార్చిలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి నగరమున పాల్ గ్రాహం, జెస్సికా లివింగ్‌స్టన్, రాబర్ట్ మారిస్, ట్రెవర్ బ్లాక్‌వెల్ అను నలుగురు వై కాంబినేటరు అను యాక్సిలరేటరును, అనగా అంకుర సంస్థలకు కొలదికాలమున పెట్టుబడియు శిక్షణయు ఇచ్చు కార్యక్రమమును, స్థాపించిరి. దాని మొదటి కార్యక్రమమునకు వారిడిన పేరు సమ్మర్ ఫౌండర్స్ ప్రోగ్రామ్. వేసవి సెలవులలో ఏదేని కంపెనీలో పనికి కుదురుకొను విద్యార్థి, ఆ మూడు నెలలను స్వంత సంస్థకే వెచ్చించిన నెట్లుండునను ఆలోచననుండి అది పుట్టినది. ఆ యేటి ఎనిమిది సంస్థలలో, వర్జీనియా విశ్వవిద్యాలయమునుండి అప్పుడే వెలువడిన స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్‌ల రెడిట్ ఒకటి. స్టాన్‌ఫర్డులో రెండవ యేడు చదువుచుండిన సామ్ ఆల్ట్‌మన్ స్థాపించిన లూప్ట్ మరియొకటి. నేడు లోకప్రసిద్ధమైన ఈ కార్యక్రమము మొదట విద్యార్థినే ఉద్దేశించి ఆరంభమైనదను సంగతిని మన చర్చలలో తరచుగ మరచిపోవుదురు. చదువు ముగియకమునుపే దరఖాస్తు పెట్టుకొని, ఎంపికయైన పిమ్మట పట్టా పుచ్చుకొనియే చేరుటకు వీలు కల్పించు పద్ధతిని 2025లో వారు ప్రవేశపెట్టుటయు ఈ మూలస్వభావమునుండి వచ్చినదే.

సామాన్యముగ వినవచ్చు సమాధానము ధనము. 2022నుండి వై కాంబినేటరు ప్రతి సంస్థకును 1,25,000 డాలర్లను 7 శాతము వాటాకును, మరి 3,75,000 డాలర్లను తరువాతి పెట్టుబడిదారులకు లభించు షరతులలో మేలైనవానిపై వాటాగా మారునట్లును, మొత్తము 5 లక్షల డాలర్లు ఇచ్చుచున్నది. మన దేశమున 2019నాటి జాతీయ నవకల్పన, స్టార్టప్ విధానము, ప్రాంగణ సౌకర్యములను వాడుకొన్న సంస్థనుండి విద్యాసంస్థ 2 మొదలు 9.5 శాతము వరకు వాటా తీసికొనవచ్చునని చెప్పుచున్నది. శాతములు ఇంచుమించుగ తుల్యములు. చేతికందు మొత్తములు మాత్రము తుల్యములు కావు. ఈ లెక్కను చూచినవారు ప్రశ్న ఇంతటితో తీరినదని భావింతురు. అది తొందరపాటు. ధనమే కారణమైనచో ధనమును పెంచుటయే మందు కావలెను. ఆ మందును ప్రయోగించి చూచిన దేశ మొకటి కలదు.

ఆ దేశము చిలీ. 2010లో ఆ ప్రభుత్వము స్టార్టప్ చిలీ అను కార్యక్రమమును ప్రారంభించి, ఏ దేశమువారినైనను శాంటియాగో నగరమునకు రప్పించి, వాటా ఏమియు కోరక, దాదాపు 40,000 డాలర్లను, కూర్చుండి పనిచేసికొనుటకు ఉమ్మడి స్థలమును ఇచ్చెను. అట్లు ప్రవేశించినవారిలో మేటిగా తేలిన కొలదిమందికి మాత్రము వీటితోపాటు వ్యాపార శిక్షణయు, క్రమముగ తమ పురోగతిని ఒకరి యెదుట నివేదింపవలసిన కట్టుబాటును కల్పింపబడెను. హువానిటా గొన్సాలెస్-ఉరీబే, మైకేల్ లెదర్‌బీ అను పరిశోధకు లిరువురు, ప్రవేశపు గీతకు కొంచెము పైన నిలిచినవారిని కొంచెము క్రింద నిలిచినవారితో పోల్చు పద్ధతి నవలంబించి ఈ కార్యక్రమమును శోధించి, తమ ఫలితములను 2018లో ప్రకటించిరి. ధనమును స్థలమును మాత్రమే పొందినవారి సంస్థలు, వానిని పొందనివారి సంస్థలకంటె మెరుగుపడినవనుటకు వారికి ఆధారము దొరకలేదు. శిక్షణయు కట్టుబాటును తోడైనచోట మాత్రము సంస్థలు సేకరించిన పెట్టుబడియు, వాని విస్తృతియు స్పష్టముగ పెరిగినవి. ఈ పరిశోధనకు మన ప్రాంగణములలో దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదని నా బాధ. మన ఇంక్యుబేటర్ల వార్షిక నివేదికలను తిరుగవేసినచో చదరపు అడుగులు, కుర్చీలు, ఒప్పందములు, మంజూరైన మొత్తములు పుటల కొలది కనిపించును. ఏ వారమున ఏ స్థాపకుని ఎవరు కూర్చుండబెట్టుకొని, నీ సరకును కొన్నవా రెందరు, కొనక మరలినవారు ఏల మరలిరని నిలదీసి యడిగిరను ముచ్చట అరుదుగ నైనను కనిపించదు.

ఇట నిలదీయువా రెవరను ప్రశ్న వచ్చును. ప్రాంగణమున ఎంపిక సమితియందు ఆచార్యులు, అధికారులు, ఒకరిద్దరు వ్యాపారులు కూర్చుందురు. వారి చేతిలోనిది ప్రజాధనము. దానికి ఆడిటు కలదు. విడతకును విడతకును నడుమ వినియోగ ధ్రువపత్రము కావలెను. అనుకొన్న మెట్టు ఎక్కినట్లు కాగితముపై చూపనిదే రెండవ విడత రాదు. ఇందు ఎవరి దోషమును లేదు. ప్రజల సొమ్మును పంచు చేయి జాగరూకమై యుండుటయే న్యాయము. కాని అంకుర సంస్థకు తొలి యేడాదిలో సహజమైన లక్షణము దారి మార్చుకొనుట. జనవరిలో ఒక సరకును తయారుచేయుదునని వ్రాసియిచ్చి, మార్చికి అది ఎవరికిని అక్కరలేదని గ్రహించి, వేరొకదానికి మరలిన విద్యార్థి, విపణి దృష్టిలో వివేకి. విడతల పత్రము దృష్టిలో మాట తప్పినవాడు. పది నిమిషముల ముఖాముఖి మాట్లాడి, సాధారణముగ ఆ దినముననే అవుననియో కాదనియో చెప్పు యాక్సిలరేటరునందు నిర్ణయించువారు ఒడ్డునది ప్రజాధనము గాక ప్రైవేటు పెట్టుబడి కనుక, పదింట తొమ్మిది పోయినను ఒకటి నిలిచిన చాలునను లెక్కతో, ఈ దారి మార్పును వారు తప్పుగా గాక పురోగతిగా ఎంచుదురు. విద్యార్థి వెదకునది ఈ తీర్పరినే యని నా నిశ్చయము.

కాలమును గూర్చిన చిక్కు దీనికి అనుబంధము. తెలుగు రాష్ట్రములలోని జె.ఎన్.టి.యు. అనుబంధ కళాశాలలలో చదువు విద్యార్థికి 75 శాతము హాజరు తప్పదు. దానికి తగ్గి 65 వరకు దిగినవారు తగిన కారణము చూపి కండొనేషన్ రుసుము కట్టుకొందురు. సరుకు కొనెదనన్న తొలి ఖాతాదారు మంగళవారము పదింటికి రమ్మనినచో, ల్యాబ్ పరీక్ష ఆ గంటకే యుండును. 2019నాటి విధానము విద్యార్థి స్థాపకులకు హాజరు సడలింపును, చదువునకు విరామమును ఇచ్చుటకు విద్యాసంస్థలకు వీలు కల్పించినది. అమలుమాత్రము ఆయా కళాశాలల ఇచ్ఛకు వదలబడినది. అదే విధానమున, పాఠ్యప్రణాళికలో భాగముగ గాని, సంస్థ వనరులను గణనీయముగ వాడుకొని గాని సృజించినదానిపై హక్కు విద్యాసంస్థకును సృష్టికర్తలకును ఉమ్మడి యగునను నియమము కలదు. నాలుగవ యేటి మేజరు ప్రాజెక్టునే సంస్థగా మార్చదలచిన యువకుడు ఈ వాక్యమును చదివి తన హాస్టలు గదిలో, తన స్వంత ల్యాప్‌టాప్‌పై, ఎవ్వరికిని తెలియకుండ పని సాగించుటకు నిశ్చయించుకొనినచో వానిని తప్పుపట్టలేము.

మరియొక కారణము పరిచయముల స్వరూపమునకు సంబంధించినది. సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున, గాఢమైన బంధములుగలవా రందరును ఒకే వార్తను ఎరిగియుందురనియు, కొత్త సమాచారము పలుచని పరిచయముల దారినే వచ్చుననియు నిరూపించెను. ప్రాంగణమున బంధములు గాఢములు: ఒకే తరగతి, ఒకే మెస్సు, అవే గురువులు. దీనికి భిన్నమైన దృష్టాంత మొకటి చూడుడు: ఐర్లండునందలి లిమరిక్‌లో 2007లో షుప్పా అను సంస్థను స్థాపించిన ప్యాట్రిక్, జాన్ కాలిసన్ అను సోదరులకు ఆ దేశపు వ్యాపార ప్రోత్సాహక సంస్థ ధనసాయము చేయలేదు. వై కాంబినేటరు ఆసక్తి చూపగా వారు కాలిఫోర్నియా చేరి, ఆక్స్‌ఫర్డు పట్టభద్రు లిరువురితో కలిసి ఆ సంస్థను ఆక్టొమాటిక్‌గా మార్చి, మరుసటి యేడు దానిని విక్రయించిరి. అనంతరము వారు నెలకొల్పిన స్ట్రైప్‌నకు తొలి ఖాతాదారులలో పెక్కుమంది అదే కార్యక్రమమునుండి వెలువడిన సంస్థలే. తోటివాడే మొదటి కొనుగోలుదారు డగుట సాఫ్ట్‌వేరు సంస్థలకు కలుగు మహాభాగ్యము. మన ప్రాంగణమున తోటివాడు సాధారణముగ పోటీదారుడో ప్రేక్షకుడో అగును.

ఇట్టి పరిచయములను పొందుటకు దూరప్రయాణముతో పనియు లేదు. ముంబయిలో జెప్టో అను సంస్థను స్థాపించిన ఆదిత్ పాలిచా, కైవల్య వోరా, వై కాంబినేటరు 2021 శీతకాలపు బ్యాచ్‌లో చేరిన కాలమున, కోవిడ్ కారణముగ ఆ కార్యక్రమమంతయు తెరలపైనే నడచినది. వారు వదలివచ్చినది వసతులు కొరవడిన చిన్న కళాశాల కాదు, అంకుర సంస్థలకు లోకమునందే పేరుగన్న స్టాన్‌ఫర్డు. కావున మన కళాశాలల పేదరికమే ఈ వలసకు కారణమను వాదము నిలువదు.

అయినను ఆవలి దారికి మూల్యము కలదు. దానిని ఇరువదియేండ్ల విద్యార్థికి విడమరచి చెప్పువారు తక్కువ. వై కాంబినేటరు పెట్టుబడిని పొందుటకు భారతీయ స్థాపకులు మాతృసంస్థను అమెరికాలోని డెలవేర్‌లోనో సింగపూరులోనో ఏర్పరచి, ఇక్కడి సంస్థను దానికి అనుబంధముగ చేయవలసి వచ్చును. వ్యాపారులు దీనిని ఫ్లిప్ అందురు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండునకు దరఖాస్తు చేయునాటికి సంస్థలో భారతీయ స్థాపకుల వాటా కనీసము 51 శాతము ఉండవలెను. కావున ముందు ఫ్లిప్ చేసి పిమ్మట ప్రాంగణ నిధికై వచ్చినవానికి తలుపు మూసియుండును. తిరిగివచ్చుటయు చౌక కాదు: 2018లో వై కాంబినేటరు కార్యక్రమమున పాల్గొన్న గ్రో అను సంస్థ 2024లో తన మూలస్థానమును భారతదేశమునకు మార్చుకొనుచు దాదాపు 1,340 కోట్ల రూపాయల పన్ను చెల్లించినది. 2024 సెప్టెంబరులో విలీన నియమములు సవరింపబడి, విదేశీ మాతృసంస్థ తన భారతీయ అనుబంధ సంస్థలో లీనమగు ప్రక్రియ త్వరితమైనది గాని, పన్ను తొలగలేదు.

ఇదంతయు తెరపై నడచు సరకును గూర్చిన మాట. చేతితో తాకదగిన వస్తువును తయారుచేయువాని స్థితి వేరు. మద్రాసు ఐఐటీ పూర్వవిద్యార్థులైన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో స్థాపించిన ఏథర్ అను విద్యుత్ స్కూటరు సంస్థ ఆ ప్రాంగణపు ఇంక్యుబేషన్ నీడలోనే ఆరంభమైనది. బ్యాటరీని మూడు నెలలలో పక్వము చేయు యాక్సిలరేటరు భూమిమీద లేదు. అగ్నికుల్ అను రాకెట్టు సంస్థ కథ ఇంకను విశేషము. దాని స్థాపకులు శ్రీనాథ్ రవిచంద్రన్, మొయిన్ ఆ ఐఐటీ విద్యార్థులు కారు. అమెరికాలో కొంతకాలము ఉద్యోగము చేసిన శ్రీనాథ్, రాకెట్టు ఇంజిను నిర్మింపవలెనను కోరికతో ప్రాంగణమునే వెదకుకొనుచు వచ్చి, ఆచార్య సత్యనారాయణన్ చక్రవర్తి తోడ్పాటును పొంది, అక్కడి జాతీయ దహన పరిశోధన కేంద్రమును ఆశ్రయించి 2017లో పని మొదలిడెను. ఈ ప్రవాహము మనము ఇంతసేపు పరిశీలించినదానికి ఎదురుదిశ. ఆ ప్రయోగశాలను ఏ దేశాంతర కార్యక్రమమును అతనికి ఇచ్చియుండెడిది కాదు. ఆ ఇంజినుకొరకు ఏడేండ్లు ఓపికపట్టుటయు మూడు నెలల బ్యాచ్‌కు అలవియైన పని కాదు. ఒకే ఖండముగ త్రీడీ ముద్రణమున రూపొందిన వారి ఇంజిను 2024 మే 30వ తేదీ ఉదయమున, పలుమారులు వాయిదాపడిన పిమ్మట, మన శ్రీహరికోటలో తాము స్వయముగ కట్టుకొన్న ధనుష్ అను వేదికపైనుండి తమ రాకెట్టైన అగ్నిబాణ్‌ను నింగికి లేపినది.