ఫిజీ: చరిత్రపై జాతుల తగవు

దక్షిణ పసిఫిక్‌లోని ద్వీపదేశం ఫిజీలో మూలవాసులైన ఐటౌకైలకూ, చెరకు తోటల కూలీలుగా వచ్చిన భారతీయుల సంతతికీ మధ్య తరాల తరబడి రాజకీయ వివాదం సాగుతోంది. పైకి ఇది భూమి, అధికారాల పేచీ. దానికి మూలం, 19వ శతాబ్దంలో బ్రిటన్ ఎవరికి ఏ మాట ఇచ్చిందన్న ప్రశ్న.

1874 అక్టోబరు 10న థాకొంబౌ, మరికొందరు నాయకులు పత్రం మీద సంతకాలు చేసి దీవులను బ్రిటిష్ రాణికి అప్పగించారు. మరుసటి ఏడు వచ్చిన గవర్నరు ఆర్థర్ గోర్డన్ మూలవాసుల భూములు అమ్ముడుపోకుండా కట్టడి చేశాడు. వాళ్లను తోటపనికి లాగకుండా భారతదేశం నుంచి కూలీలను రప్పించాడు. 1879 మే 14న లియోనిడాస్ ఓడ కలకత్తా నుంచి తొలి బృందాన్ని తెచ్చింది. 1916 వరకు 60 వేలకు పైగా మనుషులు 'గిర్మిట్' ఒప్పందం మీద వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

ఒప్పందం తీరాక కూలీలకు ఇతరులతో సమాన హక్కులు ఉండాలని 1875లో బ్రిటిష్ మంత్రి లార్డ్ సాల్స్‌బరీ రాసిన లేఖ భారతీయ నాయకులకు ఆధారమైంది. అప్పగింత పత్రం తమ ప్రయోజనాలకే అగ్రస్థానం ఇచ్చిందని మూలవాసి నాయకులు నమ్మారు. 1946 జనగణనలో భారతీయులు సంఖ్యలో మూలవాసులను దాటిపోయారు. ఆ ఏడే అప్పగింత పత్రం ఉద్దేశంపై శాసనమండలిలో తీర్మానం పెట్టినవాడు ఒక ఐరోపా సభ్యుడు! భారతీయులు వచ్చి చెమటోడ్చబట్టే మూలవాసుల భూమీ, జీవన విధానమూ నిలిచాయని భారతీయ నాయకుడు ఎ.డి. పటేల్ బదులిచ్చాడు. ఆ చెమటతో వచ్చిన చక్కెర లాభాలు మాత్రం ఒక ఆస్ట్రేలియా కంపెనీవి.

1970లో స్వాతంత్ర్యం వచ్చినా సీట్ల కేటాయింపు జాతులవారీగానే ఉండిపోయింది. 1987 ఏప్రిల్‌లో తిమోథీ బవాద్రా ఎన్నికల్లో నెగ్గాడు. ఆయనా మూలవాసే, మంత్రివర్గంలో భారతీయులు ఎక్కువన్నదే అభ్యంతరం. మే 14న, లియోనిడాస్ వచ్చిన తేదీనే, సైన్యాధికారి సితివేని రబుకా ప్రభుత్వాన్ని కూలదోశాడు. ప్రధాని పదవిని మూలవాసులకే కేటాయిస్తూ 1990లో రాజ్యాంగం వచ్చింది. వేలాదిమంది భారతీయులు దేశం వదిలారు.

ఆ కేటాయింపు తొలగాక, 1999లో మహేంద్ర చౌదరి తొలి భారత సంతతి ప్రధాని అయ్యాడు. సరిగ్గా ఏడాదికి, మూలవాసుల హక్కుల పేరుతో, జార్జ్ స్పేట్ ముఠా ఆయనను పార్లమెంటులో 56 రోజులు బందీ చేసింది. 2006 కుట్ర మాత్రం జాతుల లెక్కకు లొంగదు: సేనాని బైనిమరామా కూల్చింది మూలవాసి ప్రధాని కరాసే ప్రభుత్వాన్నే. పౌరులందరినీ 'ఫిజియన్లు' అని పిలవాలని బైనిమరామా ప్రభుత్వమే నిర్ణయించి, 2012లో మూలవాసి నాయకుల మహాసభను రద్దు చేసింది. ఈ రెండూ చాలామంది ఐటౌకైలకు మింగుడుపడలేదు.

2022 చివర ప్రధాని అయిన రబుకా, 2023 మేలో 1987 కుట్రకు క్షమాపణ చెప్పాడు. తొలి కూలీల రాకను గుర్తుచేసే గిర్మిట్ దినం సెలవుదినమైంది, మహాసభ తిరిగి ప్రాణం పోసుకుంది. 80 శాతానికి మించిన భూమి ఇప్పటికీ మూలవాసి వంశాలదే. చెరకు రైతు దాన్ని కౌలుకే సాగు చేస్తాడు. 1990ల చివర నుంచి గడువు తీరిన కౌళ్లు ఎన్నో పునరుద్ధరణకు నోచుకోలేదు.