విండోస్‌ మార్చే ముందు పాత ఫైళ్లు చూసుకోండి

అమీర్‌పేట: విండోస్‌ 10కు సాధారణ భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్‌ 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు ప్రకటించింది. దీంతో విండోస్‌ 11 వేయించాలా, వద్దా అనే ప్రశ్న డీటీపీ కేంద్రాల ముందు నిలిచింది. శిక్షణ సంస్థలకు పేరొందిన అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో కొత్త సాఫ్ట్‌వేర్‌ నేర్చుకోవడం తేలికే. పాత సాఫ్ట్‌వేర్‌తో శుభలేఖలు, కరపత్రాలు రూపొందించే వారికి మాత్రం తొందరపాటు ఉపాధికే ముప్పు.

యంత్రం సరిపోతుందా?

విండోస్‌ 11కు 64 బిట్‌ ప్రాసెసర్‌, కనీసం 4 జీబీ ర్యామ్‌, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అవసరం. మైక్రోసాఫ్ట్‌ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్‌ చెక్‌'తో ఈ విషయం తేల్చుకోవచ్చు.

అసలు చిక్కు ఇదీ..

విండోస్‌ 11లో 32 బిట్‌ కూర్పు లేదు. 32 బిట్‌ ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ 16 బిట్‌వి నడవవు. 32 బిట్‌ డ్రైవర్లు పనికిరావు కనుక పాత ప్రింటర్లు, స్కానర్లు మొరాయించవచ్చు. పేజ్‌మేకర్‌ 7 విడుదలైంది 2001లో. కొత్త విండోస్‌లో దానికి అడోబ్‌ మద్దతు లేదు. పైగా అను వంటి యూనికోడేతర ఫాంట్లతో కూర్చిన మ్యాటర్‌ తెలుగు అక్షరాలుగా కాక, ఆ ఫాంటుకే చెందిన సంకేతాలుగా నిల్వ ఉంటుంది. ఫాంటు లేనిచోట తెరపై ఆంగ్ల అక్షరాలు, గుర్తుల గందరగోళమే కనిపిస్తుంది.

ఏం చేయాలి?

* ఫైళ్లు, ఫాంట్లు, ఇన్‌స్టాల్‌ సీడీలను వేరే డిస్కులోకి ఎక్కించాలి. వాటిని మరో కంప్యూటర్‌లో తెరిచి సరిచూడాలి.

* విండోస్‌ 11 ఉన్న మరో యంత్రంలో పాత పేజీ ఒకటి తెరిచి, ఒక పంక్తి దిద్ది, ప్రింటు తీయాలి. ఒత్తులు, గుణింతాలు చెదరకుంటేనే ముందుకు వెళ్లాలి.

* విండోస్‌ 10 నుంచి నేరుగా మారినవారు సాధారణంగా 10 రోజుల్లోగా వెనక్కి రావచ్చు. డిస్కు తుడిచి కొత్తగా వేయిస్తే ఈ వీలుండదు.

* పరీక్షలో పాత పేజీ విఫలమైతే పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా, పాత పనులకే ఉంచుకోవాలి. ఈమెయిల్‌, బ్యాంకు పనులకు కొత్త యంత్రం వాడాలి.

* తరచూ అవసరమయ్యే మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు దిద్దించాలి. అప్పుడు విండోస్‌ మారినా మ్యాటర్‌ చేజారదు.